మూజువాణి ఓటు వెనక మన ఎంపీ: మాటనూ ఓటునూ పక్కపక్కన పెట్టి చూడటం ఎలా

కొన్నేళ్ల కిందట మా వీధిలో ఇంటింటికీ ఒక పుస్తకం పంచారు. నునుపు కాగితం, రంగుల బొమ్మలు, అట్ట మీద చేతులు జోడించి నవ్వుతున్న మా లోక్‌సభ సభ్యుడు. లోపల ఒక పేజీలో ఇలా ఉంది: ‘మన రైల్వే వంతెన కోసం పార్లమెంటులో గళమెత్తారు.’ ఆ గళం ఎలా ఉందో విందామని ఒక ఆదివారం కూర్చుని వెతికాను. దొరికింది ఒక ప్రశ్న. నక్షత్ర గుర్తు లేనిది, అంటే రాతపూర్వక జవాబుతో సరిపెట్టేది. మా ఎంపీ పేరుతో పాటు మరో ముగ్గురి పేర్లు కూడా దాని మీద ఉన్నాయి. ఆ రోజు సభలో ఆ వంతెన గురించి ఎవరూ నోరు తెరవలేదు. మంత్రిగారి జవాబు కాగితం సభ బల్ల మీదికి చేరింది, అంతే. పుస్తకంలో అబద్ధం ఉందని అనలేను. గళం మాత్రం లేదు.

అప్పటి నుంచి ఇలా సరిచూడటం నాకు అలవాటయింది. మీరూ చేయవచ్చు. ఇంటర్నెట్ ఉన్న ఫోను, ఒక నోటుబుక్కు, కాస్త ఓపిక ఉంటే చాలు. కంప్యూటర్ ఉంటే కళ్ళకు సుఖం. సభా రికార్డులు ఎక్కువగా ఆంగ్లంలో, హిందీలో ఉంటాయి కాబట్టి ఆంగ్లంలో నాలుగు మాటలు చదవగలగాలి, లేదా చదివే పిల్లలు ఇంట్లో ఉండాలి.

ముందు ఒక్క మాట పట్టుకోండి

‘మా ఎంపీ ఎలాంటివారు?’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎక్కడికీ చేరరు. ఆయన లేదా ఆమె ఎక్కడో అన్న ఒకే ఒక మాట తీసుకోండి. ఫ్లెక్సీ మీద ఉన్నది కావచ్చు, వాట్సాప్‌లో తిరిగినది కావచ్చు, పత్రిక జిల్లా పేజీలో వచ్చినది కావచ్చు, సొంత ఫేస్‌బుక్ పేజీలో పెట్టినది కావచ్చు. దాన్ని ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులో రాసుకోండి, తేదీ వేయండి, ఎక్కడ చూశారో రాయండి. ఫోనులో తెర బొమ్మ తీసి దాచుకోండి. ఎవరో పంపిన సందేశమైతే అది నిజంగా ఎంపీ పేజీలో ఉందో లేదో ముందు చూడండి. అభిమానులు పెట్టే పోస్టులను నాయకుడి మాటగా లెక్కిస్తే మీరు చేసే పనంతా వృథా.

తర్వాత ఆ మాట ఏ జాతిదో తేల్చుకోండి. ‘ఫలానా బిల్లును వ్యతిరేకించాను’ అంటే అది ఓటు సంగతి. ‘పార్లమెంటులో ప్రస్తావించాను’ అంటే ప్రశ్నో, ప్రసంగమో. ‘నిధులు తెచ్చాను’ అంటే లెక్కల సంగతి. ‘మంత్రిని కలిశాను’ అంటే అది ఫోటో సంగతి. ఒక్కోదానికి ఒక్కో రికార్డు ఉంటుంది. ఒకదాని జవాబు ఇంకోచోట వెతికితే దొరకదు.

మీ సభ్యుడు ఏ సభలో ఉన్నారో కూడా చూసుకోండి. లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్‌కు 25 మంది, తెలంగాణకు 17 మంది ఉన్నారు. రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు 11 మంది, తెలంగాణకు ఏడుగురు. పత్రికలు అందరినీ ‘ఎంపీ’ అనే రాస్తాయి. ఒక బిల్లు రెండు సభల్లోనూ మామూలుగా వేర్వేరు రోజుల్లో ఓటుకు వస్తుంది కాబట్టి, సభ తప్పితే తేదీ తప్పుతుంది, తేదీ తప్పితే అంతా తప్పుతుంది.

బిల్లు పేరు, తేదీ

రెండు చోట్లు గుర్తుపెట్టుకోండి. ఒకటి పార్లమెంటు సొంత వెబ్‌సైటు, సన్సద్ డాట్ ఇన్. సభ్యుల వివరాలు, బిల్లులు, ప్రశ్నలు, చర్చల పూర్తి పాఠం అక్కడే ఉంటాయి. రెండోది పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ నడిపే వెబ్‌సైటు. ప్రతి బిల్లుకూ అక్కడ ఒక పేజీ ఉంటుంది. ఎప్పుడు ప్రవేశపెట్టారు, ఏ సభ ఏ రోజు ఆమోదించింది అన్నది ఒకేచోట కనిపిస్తుంది. నేనయితే తేదీలు ఇక్కడ చూసుకుని, అసలు కాగితం కోసం పార్లమెంటు సైటుకు వెళ్తాను.

తేదీ విషయంలో ఒక మెలిక ఉంది. కొన్ని బిల్లులు అర్ధరాత్రి దాటాక ఆమోదం పొందుతాయి. 2025లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288–232 ఓట్లతో నెగ్గేసరికి ఏప్రిల్ 3 తెల్లవారుజాము అయింది. పత్రికలు ఏప్రిల్ 3 అని రాశాయి, తప్పు కాదు. కానీ సభ కూర్చున్నది ఏప్రిల్ 2న. చర్చల పాఠం ఆ తేదీ కిందే ఉంటుంది. పత్రికలో ఉన్న తేదీతో వెతికి ‘ఏమీ లేదు, దాచేశారు’ అనుకునేవారిని చూశాను. ఎవరూ దాచలేదు, ఒక రోజు వెనక్కి వెళ్తే చాలు.

అసలు పేర్లు నమోదయ్యాయా?

ఓటు సంగతి వెతికేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇది. ఎందుకంటే మన పార్లమెంటులో చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే నెగ్గుతాయి. నోటిమాట అని అర్థమున్న ఉర్దూ మాట మన పత్రికల్లో ఇలా స్థిరపడింది. స్పీకర్ బిల్లును ఓటుకు పెడతారు, అనుకూలురు ‘అవును’ అంటారు, వ్యతిరేకులు ‘కాదు’ అంటారు, ఏ గొంతు పెద్దదో స్పీకర్ చెబుతారు. ఎవరు ఏమన్నారో ఎక్కడా ఉండదు. ఉండదంటే ఉండదు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టినా లేనిదాన్ని ఎవరూ ఇవ్వలేరు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణే చూడండి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ 2014 ఫిబ్రవరి 18న ఆమోదించింది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. రెండు రోజుల తర్వాత రాజ్యసభలోనూ మూజువాణి ఓటే. తెలుగువారి జీవితాలను ఇంతగా మార్చిన మరో బిల్లు మన తరంలో లేదు. అయినా దాని ఆమోదానికి ఏ తెలుగు ఎంపీ ‘అవును’ అన్నారో, ఏ ఎంపీ ‘కాదు’ అన్నారో పేరుపేరునా చెప్పే జాబితా లేదు. ‘నేను ఓటు వేశాను’, ‘నేను అడ్డుకున్నాను’ అని ఆ తర్వాత ఎన్ని సభల్లో విన్నామో లెక్కలేదు. వాటిని ఓటు జాబితాతో సరిచూడటం కుదరదు. మిగిలేవి ఆయా సభ్యుల ప్రసంగాలు, వారు ప్రతిపాదించిన సవరణలు, సస్పెండైనవారి పేర్లు మాత్రమే.

2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులదీ ఇదే కథ. పేర్ల వారీగా ఓటింగు జరపాలని ప్రతిపక్షం పట్టుబట్టింది. సభ్యులు తమ స్థానాల్లో లేరని, గందరగోళం ఉందని చెప్పి అది జరపలేదు. బిల్లులు మూజువాణి ఓటుతో గట్టెక్కాయి. ఆ రోజు వైఎస్సార్‌సీపీ సభ్యుడు మద్దతుగా, టీఆర్‌ఎస్ సభ్యుడు వ్యతిరేకంగా మాట్లాడినది మాత్రం చర్చల పాఠంలో ఉంది. జాబితా లేనిచోట ప్రసంగమే సాక్ష్యం, అది దృష్టిలో పెట్టుకోండి.

పేర్లతో సహా నమోదయ్యే ఓటింగును డివిజన్ అంటారు. మూజువాణి ఫలితాన్ని ఎవరైనా సభ్యుడు సవాలు చేస్తే, లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాలు ఆగి, మళ్ళీ ఓటుకు పెడతారు. అప్పుడు మీటలు నొక్కుతారు, లేదా చీటీలు ఇస్తారు. అవునంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు, తటస్థమైతే పసుపు. అయితే లోక్‌సభ నియమాల్లో ఒక సందు ఉంది. డివిజన్ అనవసరంగా అడిగారని స్పీకర్ భావిస్తే, సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కించవచ్చు. అప్పుడు సంఖ్య ఉంటుంది, పేర్లు ఉండవు.

రాజ్యాంగ సవరణ బిల్లుల దగ్గర మాత్రం ఈ దాగుడుమూతలు కుదరవు. మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు కావాలి కాబట్టి లెక్కించక తప్పదు. అందువల్ల మీరు ఈ పని కొత్తగా మొదలుపెడుతుంటే రాజ్యాంగ సవరణతోనే మొదలుపెట్టండి. చట్టసభల్లో మహిళలకు రిజర్వేషన్ల బిల్లు 2023 సెప్టెంబరు 20న లోక్‌సభలో 454–2 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకించిన ఇద్దరూ మజ్లిస్ పార్టీవారు, వారిలో ఒకరు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ. వెనుకబడిన తరగతుల, ముస్లిం మహిళలకు అందులో వాటా లేదన్నది ఆయన చెప్పిన కారణం. మీరు ఆ వాదనను ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. సభలో ప్రసంగం, ఓటు, బయట చెప్పిన మాట మూడూ ఒకే వరుసలో ఉన్నాయా అన్నదే మనం చూసేది. ఈ సందర్భంలో ఉన్నాయి. చేయి తిరగడానికి ఇలాంటి సులువైన ఉదాహరణ మంచిది.

అవిశ్వాస తీర్మానాలను చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 2018 జులై 20న తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానం, సభలో ప్రకటించిన అంకెల ప్రకారం, 126–325తో వీగిపోయింది. డివిజన్ జరిగింది, పేర్లు ఉన్నాయి. 2023 ఆగస్టు 10న మరో అవిశ్వాస తీర్మానం వీగిపోయింది. అప్పటికే ప్రతిపక్షం వాకౌట్ చేసింది, మూజువాణి ఓటుతో ముగిసింది, పేర్లు లేవు. తీర్మానం స్వభావం ఒకటే, ఐదేళ్ల తేడా, రికార్డు మాత్రం ఒకచోట నిండుగా, ఇంకోచోట ఖాళీగా ఉంది.

జాబితా చదవడం

డివిజన్ జరిగిందని తేలాక ఆ రోజు చర్చల పూర్తి పాఠం తెరవండి. వందల పేజీలు ఉంటుంది, బెదరకండి. ‘డివిజన్’ అనే మాటను ఆంగ్ల అక్షరాల్లో వెతికితే నేరుగా జాబితా దగ్గరికి వెళ్తారు. ముందు అనుకూలుర పేర్లు, తర్వాత వ్యతిరేకుల పేర్లు, తటస్థులుంటే వారివి. ఒకే బిల్లు మీద నాలుగైదు డివిజన్లు ఉండవచ్చు: ఒకటి ఎవరో పెట్టిన సవరణ మీద, ఒకటి ఫలానా క్లాజు మీద, చివరిది బిల్లు మొత్తం మీద. సవరణకు ‘కాదు’ అన్నవారిని బిల్లుకే ‘కాదు’ అన్నారని రాసేయడం తరచూ జరిగే పొరపాటు. ప్రతి జాబితాకూ పైనున్న పేరా చదవండి, దేని మీద ఓటో అక్కడ తెలుస్తుంది.

పేరు వెతకడం తెలుగువారికి ప్రత్యేకమైన కష్టం. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. జాబితా మాత్రం పేరులోని చివరి ముక్కను ముందుకు తెచ్చి అక్షర క్రమంలో పెడుతుంది. దాంతో మనవాళ్లు రెడ్డి, రావు, నాయుడు, కుమార్ కింద గుంపుగా కనిపిస్తారు. ముందుగా సభ్యుల పేజీలో మీ ఎంపీ పేరు ఆంగ్లంలో ఎలా రాశారో చూసుకుని, అదే అక్షరక్రమంతో వెతకండి. ఫ్లెక్సీ మీద పేరు వేరు, రికార్డులో పేరు వేరు. బిరుదులు అక్కడ పనికిరావు.

పేరు దొరకలేదా? వెంటనే ‘తప్పించుకున్నారు’ అని రాయకండి. జాబితా కింద చిన్న అక్షరాల్లో ఉన్న వివరణలు చదవండి. మీట సరిగా పనిచేయనివారు చీటీ ద్వారా ఓటు సరిచేసుకుంటారు, వారి పేర్లు అక్కడ చేరుస్తారు. సభలో తెర మీద మొదట కనిపించే అంకెలను స్పీకర్ ‘సవరణకు లోబడి’ అని ప్రకటించేది ఇందుకే. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లును ప్రవేశపెట్టే దశలోనే ఓటింగు జరిగింది. కొత్త లోక్‌సభ భవనంలో మీటలు నొక్కి ఓటు వేయడం అదే మొదలు. తెర మీద మొదట కనిపించిన అంకె వేరు, చీటీలు కలిపాక వచ్చిన అంకె వేరు. టీవీ తెర ఫోటో తీసి పంచుకున్నవారంతా పాత అంకెనే పంచారు.

ఆ వివరణల్లోనూ పేరు లేకపోతే ఆ రోజు సభకు రాకపోయి ఉండవచ్చు, పార్టీతో కలిసి వాకౌట్ చేసి ఉండవచ్చు, లాబీలోనే ఉండిపోయి ఉండవచ్చు. 2018 అవిశ్వాసం రోజున టీఆర్‌ఎస్ ఓటింగుకు దూరంగా ఉంది. దాని సభ్యుల పేర్లు అటూ లేవు, ఇటూ లేవు. దూరంగా ఉండటం వేరు, పసుపు మీట నొక్కి తటస్థంగా ఉన్నానని నమోదు చేయించుకోవడం వేరు. ఇంకో సంగతి, మీ ఎంపీ స్పీకర్ స్థానంలో ఉంటే మామూలుగా ఓటే ఉండదు, ఓట్లు సమానమైతేనే వేస్తారు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రోజున స్పీకర్ స్థానంలో ఉన్నది అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి. ఆ జాబితాలో అమలాపురం ఓటు కోసం వెతికి లాభం లేదు.

ఆ ఓటు ఎవరిది?

ఇప్పుడు మీ నోటుబుక్కులో ఒక పక్క సందేశం, ఇంకో పక్క ఓటు ఉన్నాయి. రెండూ కలవలేదనుకోండి. ఊళ్లో ‘నేను మీ వెంటే’ అన్న మనిషి సభలో మీకు నచ్చని వైపు ఓటు వేశారు. కోపం తెచ్చుకునే ముందు విప్ సంగతి, అంటే ఎటు ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం సంగతి చూడండి.

1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, ఓటు వేయకుండా ఉన్నా సభ్యత్వం పోవచ్చు. ముందుగా అనుమతి తీసుకుంటేనో, 15 రోజుల్లోగా పార్టీ క్షమిస్తేనో తప్ప. ముఖ్యమైన బిల్లులకు పార్టీలు మూడు గీతల విప్ జారీ చేస్తాయి. అంటే సభలో ఉండాలి, చెప్పినట్టు వేయాలి. కాబట్టి డివిజన్ జాబితాలో మనం చూస్తున్నది చాలాసార్లు పార్టీ ఓటే. ఎంపీ వేలు మీట మీద ఉంటుంది, నిర్ణయం ఇంకెక్కడో ఉంటుంది.

అలాగని ఎంపీని వదిలేయమని కాదు. ఊళ్లో మాట్లాడేటప్పుడు ‘నేను’ అని, ఓటు గురించి అడిగితే ‘పార్టీ’ అని చెప్పే పద్ధతిని మాత్రం గమనించండి. నా దృష్టిలో అసలు పరీక్ష అక్కడే. విప్ ఉందని, అందుకే అలా వేశానని, తన అభ్యంతరం ఫలానా అని ప్రజలకు చెప్పే ఎంపీని నేను గౌరవిస్తాను. ఓటు ఊసెత్తకుండా అదే రోజు పుష్కరాల శుభాకాంక్షలు పోస్టు చేసేవారిని గౌరవించలేను.

అమెరికాలో ఉన్న మన బంధువులు ఈ విషయంలో కాస్త నయం. అక్కడి ప్రతినిధుల సభలో 1973 నుంచి ఎలక్ట్రానిక్ ఓటింగు ఉంది, పేర్లతో జాబితా వెంటనే బయటికి వస్తుంది. పార్టీ మాట కాదన్నంత మాత్రాన సీటు పోదు. అక్కడ పౌరసత్వం తీసుకున్న మా బంధువు ఒకరు తమ సభ్యుడి ఓట్ల పట్టిక ఫోనులో చూపించి, ‘మీది చూపించు’ అన్నారు. నేను మూజువాణి అన్న మాటకు అర్థం చెప్పేసరికి కాఫీ చల్లారింది.

విప్ అంటని చోట్లు

ఓటులో మనిషి కనిపించకపోతే వేరేచోట వెతకాలి. ప్రశ్నలు, ప్రసంగాలు, ప్రైవేటు మెంబరు బిల్లులు (మంత్రులు కాని సభ్యులు పెట్టేవి), స్థాయీ సంఘాలు. ఇక్కడ ఏం అడగాలో ఎక్కువగా సభ్యుడి ఇష్టం.

ప్రశ్నలతో మొదలుపెట్టండి. సభ్యుల పేరుతో వెతికితే అన్నీ వస్తాయి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 నక్షత్రం లేనివి ఉంటాయి. మొదటి రకానికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. అయితే ఆ 20లో అన్నీ గంటలో పూర్తి కావు. రెండో రకం కాగితం మీదే ముగుస్తుంది. ఎవరి ప్రశ్న వస్తుందన్నది లాటరీ. ఒకే అంశం మీద వచ్చినవాటిని కలిపేస్తారు, అందుకే మా వంతెన ప్రశ్న మీద నాలుగు పేర్లు. సంఖ్య చూసి మురిసిపోకండి. ‘500 ప్రశ్నలు అడిగారు’ అన్న పోస్టు కనిపిస్తే ఒక పది తెరిచి చదవండి. మీ జిల్లా పేరు ఎన్నిట్లో ఉంది? మంత్రి ‘పరిశీలనలో ఉంది’ అంటే, తర్వాతి సమావేశాల్లో మళ్ళీ అడిగారా? వెంటబడి మూడుసార్లు అడిగిన ఒక్క ప్రశ్న, ఎవరో రాసిచ్చిన 50 ప్రశ్నల కన్నా మేలు.

ప్రసంగాల దగ్గర ఒక చిన్న గుర్తు చూడండి. బడ్జెట్ వంటి పెద్ద చర్చల్లో సమయం చాలక, రాసుకొచ్చిన ప్రసంగాన్ని బల్ల మీద పెట్టేందుకు లోక్‌సభలో అనుమతిస్తారు. పాఠంలో అది అచ్చవుతుంది, అలా పెట్టినదని గుర్తు ఉంటుంది. సందేశంలో మాత్రం ‘బడ్జెట్‌పై ప్రసంగించారు’ అని వస్తుంది. తెలుగులో మాట్లాడినవారి ప్రసంగం ఆంగ్ల అనువాదంగా కనిపిస్తుంది, కింద ఆ సంగతి రాసి ఉంటుంది. సన్సద్ టీవీ యూట్యూబ్ వీడియోలో అసలు గొంతు వినవచ్చు. పాఠంలో మాటల బదులు నక్షత్ర గుర్తులు ఉండి, కింద ఆ వివరణ ఉంటే ఆ మాటలను రికార్డు నుంచి తొలగించారన్నమాట. ఊళ్లో వాట్సాప్‌లో తిరిగే ముక్క సరిగ్గా అదే అయి ఉండే అవకాశం ఎక్కువ.

హాజరు శాతం గురించి ఎక్కువ చెప్పను. మంత్రులు హాజరు నమోదు చేయరు, ప్రశ్నలూ వేయరు, కాబట్టి మీ ఎంపీ కేంద్ర మంత్రి అయితే ఆ గడులు ఖాళీగా ఉంటాయి. అది తప్పు కాదు. మిగతావారికి కూడా, ఉదయం హాజరు వేసుకున్న మనిషి సాయంత్రం ఓటింగుకు ఉన్నారని దాని నుంచి తేలదు.

చాలామంది చూడని చోటు ఒకటి చెబుతాను. పార్లమెంటులో శాఖల వారీగా 24 స్థాయీ సంఘాలున్నాయి, ఒక్కో దాంట్లో 31 మంది. ఆ సంఘాలు మూసిన తలుపుల వెనక పనిచేస్తాయి, టీవీ ఉండదు. కానీ నివేదిక చివర సమావేశాల మినిట్స్ జోడిస్తారు, ఏ రోజు ఎవరు హాజరయ్యారో అందులో పేర్లతో ఉంటుంది. ఎవరైనా సభ్యుడు ఒప్పుకోకపోతే అసమ్మతి పత్రం రాసి జతచేయవచ్చు. విప్ లేని చోట, కెమెరా లేని చోట మీ ఎంపీ కూర్చుని పనిచేశారా లేదా అన్నది ఆ చివరి పేజీల్లో తెలుస్తుంది. మీ ఎంపీ ఏ సంఘంలో ఉన్నారో సభ్యుల పేజీలో దొరుకుతుంది.

‘తెచ్చాను’ అన్న మాట

నిధుల సందేశాలు ఎక్కువ, వాటిని తేల్చడం కూడా కష్టమే. ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీల స్థానికాభివృద్ధి పథకం కింద ప్రతి సభ్యుడికీ ఏడాదికి ఐదు కోట్ల రూపాయల పనులు సిఫారసు చేసే అవకాశం ఉంది. 1993లో మొదలైంది, కోవిడ్ కాలంలో కొంతకాలం ఆగింది. డబ్బు ఎంపీ చేతికి రాదు, మంజూరు, అమలు జిల్లా యంత్రాంగం పని. ఏ పనికి ఎంత, ఎంతవరకు వచ్చింది అన్నది ఆ పథకం వెబ్‌సైటులో ఉంటుంది. ‘నా నిధులతో’ అన్న బోర్డు కనిపిస్తే అక్కడ సరిచూడండి. మామూలు కేంద్ర పథకం కింద వచ్చిన రోడ్డుకు కూడా ఫ్లెక్సీ కట్టడం మనకు కొత్త కాదు. రైలు సంగతయితే, బడ్జెట్‌తో పాటు రైల్వే వెలువరించే పింక్ బుక్‌లో దక్షిణ మధ్య రైల్వే పనులకు ఎంత కేటాయించారో వరుసగా ఉంటుంది. కోట్ల పని ఎదురుగా వేయి రూపాయలు కనిపిస్తే, అది పేరు బతికించడానికి పెట్టిన అంకె అని అర్థం చేసుకోండి.

చట్టంలో ఉన్నదా, మాటగా చెప్పినదా అన్నది కూడా వేరు చేయండి. ప్రత్యేక హోదా మీద పదేళ్లకు పైగా విన్నాం. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ల హోదా గురించి ప్రకటన చేశారు. అది సభా రికార్డులో ఉంది. పునర్వ్యవస్థీకరణ చట్టం తెరిస్తే హోదా క్లాజు కనిపించదు. అందుకని ‘చట్టంలో ఉన్న హోదా’ అన్నా తప్పే, ‘ఎవరూ హామీ ఇవ్వలేదు’ అన్నా తప్పే. రెండు రకాల పోస్టులూ మీ ఫోనుకు వచ్చే ఉంటాయి.

శాలువా, వెంకటేశ్వరస్వామి ప్రతిమ, మంత్రి చేతిలో వినతిపత్రం ఉన్న ఫోటోలను నేను లెక్కలోకి తీసుకోను. ఆ వినతికి మంత్రి రాసిన జవాబు ఉత్తరం చూపిస్తే తీసుకుంటాను.

ఇక అడగండి

నోటుబుక్కులో సందేశం, రికార్డు పక్కపక్కన వచ్చాక దాన్ని ముందు ఎంపీకే పంపండి, ఊరంతటికీ కాదు. సభ్యుల పేజీలో ఢిల్లీ చిరునామా, ఈమెయిలు ఉంటాయి. ఒక్కటే ప్రశ్న అడగండి. నేను రాసే తీరు ఇది:

‘గౌరవనీయులైన ఎంపీ గారికి, నమస్కారం. నేను మీ నియోజకవర్గంలో ఓటరును. ఫలానా తేదీన మీరు విడుదల చేసిన సందేశంలో ఫలానా బిల్లును వ్యతిరేకించినట్టు చెప్పారు. ఆ బిల్లు ఫలానా తేదీన మూజువాణి ఓటుతో నెగ్గింది. చర్చల పాఠంలో మీ ప్రసంగం నాకు కనిపించలేదు. మీరు మరో విధంగా, అంటే సవరణ ద్వారానో, లేఖ ద్వారానో అభ్యంతరం తెలిపి ఉంటే దయచేసి వివరాలు తెలియజేయగలరు.’

చివరి వాక్యం తీసేయకండి. మనకు దొరకని కాగితం వారి దగ్గర ఉండవచ్చు. నాకు ఒకసారి అలాగే ఒక లేఖ నకలు వచ్చింది, నేను రాసుకున్న మాటను కొట్టేసి దిద్దుకున్నాను. జవాబు రాకపోతే పంపిన తేదీ రాసి ఉంచి, నెల తర్వాత మళ్ళీ పంపండి.

మీ ఊరి సమస్య మీద ప్రశ్న వేయించాలనుకుంటే గడువు చూసుకోండి. పార్లమెంటు ఏడాదికి మూడుసార్లు సమావేశమవుతుంది: బడ్జెట్, వర్షాకాలం, శీతాకాలం. ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సమావేశాల తేదీలు ప్రకటించిన రోజునే ఉత్తరం వెళ్లాలి. వంతెన గురించి నేను రాసిన మొదటి రెండు ఉత్తరాలూ సమావేశాలు మొదలయ్యాక చేరాయి. మూడోది ముందే పంపాను.